పది కట్టల లెక్క

పొద్దున ఏడు గంటల పన్నెండు నిమిషాలకు మా అక్క ఇంట్లో వాషింగ్ మెషిన్ బటన్ నొక్కాను. గోడ గడియారం ఎదురుగానే ఉంది కాబట్టి ఆ సమయం గుర్తుంది. ముందురోజే అక్క పదకొండో దినం అయింది. చుట్టాలు వాడిన తువ్వాళ్లు, దుప్పట్లు మూలన కుప్పగా ఉంటే తీసి మెషిన్‌లో వేశాను. బటన్ నొక్కగానే అది చిన్నగా కూసి నీళ్లు పట్టుకోవడం మొదలుపెట్టింది. వేలు తగలడానికీ ఆ కూతకూ మధ్య సెకనులో ఏ నలభయ్యో వంతో గడుస్తుంది. ముప్పై ఏళ్లకు దగ్గరగా నేను చేసిన ఉద్యోగమంతా ఆ కాస్త సందులోనే ఉంది. మనిషి బటన్ నొక్కిన సంగతి యంత్రానికి సరిగ్గా తెలియజెప్పే చిన్న ప్రోగ్రాములు రాయడం నా పని. వాటిని బటన్ డ్రైవర్లు అంటాం. అలాంటిదొకటి ఉందని నొక్కేవాళ్లకు తెలియదు. తెలియకపోతేనే అది బాగా పనిచేస్తున్నట్టు.

సబ్బు పొడి వెయ్యడం మరిచానని అప్పుడు గుర్తొచ్చింది. పైన సజ్జ మీద చెయ్యి పెట్టి వెతికితే చేతికి ఒక రేకు డబ్బా తగిలింది. మూత మీద బొమ్మ అరిగిపోయింది. వంటింట్లో నుంచి లత చూసింది. లత అక్క కూతురు.

"అది సబ్బు డబ్బ కాదు చిన్నమ్మా. అమ్మది. ఇల్లు మారినప్పుడల్ల పడేద్దామంటె ఒప్పుకోకపోయేది. ఏందని అడిగితె చెప్పకపోయేది."

మూత తీశాను. తంబాకు వాసన కొద్దిగా మిగిలి ఉంది. లోపల ఒక ఆకుపచ్చ బటన్, నాలుగు అంకెలు చూపే అద్దం బిళ్ల, వాటిని పట్టుకున్న ఒక అట్టంత పలక. దాని మీద తీగలు నేను అతికినవే. అప్పట్లో నాకు అతకడం సరిగ్గా రాదు, సీసం ముద్దలు ముద్దలుగా ఉంది. పలక కింద, దారంతో కట్టిన, బీడీలు చుట్టే తునికాకు ముక్కలు కొన్ని. విప్పకుండా లెక్కపెట్టాను. పది ఉన్నాయి.

అప్పుడు మేము బాన్సువాడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మ, అక్క, నేను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మా అక్కా బీడీలు చుట్టేవాళ్లు. ఆ ఇంటి రోజంతా తునికాకుతోనే నడిచేది. సాయంత్రం ఆకును నీళ్లల్లో తడిపి గోనెసంచిలో చుట్టి మూలన పెట్టేవాళ్లు. తెల్లారేసరికి అది మెత్తబడి, వాన పడ్డ అడవిలాంటి వాసన గది నిండా ఉండేది. పొద్దున టీ తాగుతూనే అమ్మ రేకు ముక్కను కొలతగా పెట్టి ఆకులు కత్తిరించేది. అక్క చాట ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఆకులో తంబాకు పోసి, బొటనవేలితో చూపుడువేలి మీదికి దొర్లించి, కొస మడిచి దారం చుట్టేది. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. ఆమె కళ్లు చేతుల మీద ఉండేవి కావు. వీధిలో పోయేవాళ్లను పలకరించేది, నన్ను తిట్టేది, అమ్మతో వాదించేది. కానీ ఇరవై అయిదు దగ్గర చెయ్యి దానంతటదే ఆగి దారం కోసం వెతికేది. తర్వాత చాలా ఏళ్లకు నేను సమయాన్ని అంత కచ్చితంగా లెక్కపెట్టే చిప్పులతో పనిచేశాను. వాటికి వీధిలోవాళ్లతో మాట్లాడే పని లేదు.

అక్క పేరు రాజమణి. ఏడో తరగతి తర్వాత బడి మానేసింది. నేను మానలేదు. దాని గురించి మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బీడీల కార్ఖానాలో కట్టలు చూసుకునే గుమస్తా అందరి కట్టలూ విప్పి చూసేవాడు. ఒకసారి అక్క కట్టలో రెండు తక్కువున్నాయన్నాడు. అక్క ఇంటికి రాలేదు. అక్కడే నేల మీద కూర్చుని, తను తెచ్చినవన్నీ ఒక్కొక్కటి విప్పించి లెక్కపెట్టించింది. రెండు బీడీలు అతని బల్ల కిందే దొరికాయి. ఆ రోజు నుంచి అతను ఆమె కట్టలు విప్పలేదు. మిగతా ఆడవాళ్లు నవ్వుతూ చెప్పుకునేవాళ్లు కానీ, అక్క ఆ మాట తన నోటితో ఎప్పుడూ ఎత్తలేదు. బడి మానిన మనిషికి ఊళ్లో మిగిలిన పేరు అదొక్కటే అని నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేను నిజామాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఇంటికొచ్చి ఉద్యోగం లేక కూర్చున్న రోజులవి. మోటార్లు చుట్టే దుకాణం పెట్టుకున్న మల్లేశన్న ఒక పని చెప్పాడు. బీర్కూర్ దగ్గర ముగ్గురు అన్నదమ్ములకు ఒకే బోరు. ఎవరి వంతు ఎంతసేపు అన్నది వాళ్లకు రోజూ గొడవే. మోటారు స్టార్టరుకు ఒక పెట్టె తగిలించాలి. బటన్ ఒకసారి నొక్కితే పది నిమిషాలు, నాలుగుసార్లు నొక్కితే నలభై నిమిషాలు, తర్వాత మోటారు దానంతటదే ఆగిపోవాలి. "ఇది సక్కగ పనిచేస్తె హైదరాబాదుల స్టార్టర్లు చేసే కంపెనీల నాకు తెలిసినాయన ఉన్నడు, నీ పని జూపిస్త చెల్లె," అన్నాడు. "కని ఒక్క నొక్కుడు ఎక్కువ పడ్డదనుకో, ఆ ముగ్గురు నా దుకాణం ముంగట పంచాయితి పెడ్తరు. నన్ను గదే బోర్ల దించుతరు."

బటన్ అంటే నొక్కితే నొక్కినట్టు, వదిలితే వదిలినట్టు అనుకుంటాం. లోపల అలా జరగదు. ఒక సన్నని రేకు వచ్చి ఇంకో రేకును తాకుతుంది. తాకి అక్కడే నిలవదు. చేతిలోంచి జారి నేల మీద పడ్డ గిన్నెలాగా నాలుగైదుసార్లు ఎగిరి, అప్పుడు కుదుటపడుతుంది. మన చెవికి వినబడనంత తక్కువ కాలంలో అది అయిపోతుంది కానీ యంత్రానికి అన్నీ తెలుస్తాయి. ఒక్కో ఎగురుడునూ ఒక్కో నొక్కుడనుకుంటుంది. అందుకని రేకు మొదటిసారి తాకగానే కాసేపు ఆగి, కుదుటపడిన తర్వాత లెక్కవేసుకొమ్మని ప్రోగ్రాంలో రాయాలి. నేను పుస్తకం చూసి రాశాను. సెకనును వెయ్యి వంతులు చేస్తే అందులో అయిదు వంతులు ఆగమన్నాను. పది ఇరవైసార్లు నొక్కి చూస్తే బాగానే ఉంది. కానీ వేలసార్లు నొక్కి చూస్తేగాని నమ్మకూడదని మా కాలేజీలో ఒక సారు చెప్పేవారు. అంతసేపు నొక్కే ఓపిక నాకు లేదు.

"తే ఇటు," అంది అక్క. "దినాం వెయ్యి బీడీలు చుట్టే చేతులకు వెయ్యి నొక్కుళ్లు ఎంత?"

అలా మధ్యాహ్నాలు మా ఇంట్లో బటన్ నొక్కే కార్యక్రమం మొదలైంది. అన్నం తిన్న తర్వాత, కార్ఖానాకు కట్టలు పట్టుకుపోయేముందు, అక్క పలకను చాటలో పెట్టుకుని నొక్కేది. నోటితో ఒకటి రెండు అనేది. ఇరవై అయిదు కాగానే ఒక తునికాకు ముక్క తీసి పక్కన పెట్టేది. అది ఒక కట్ట. నలభై కట్టలకు వెయ్యి. అమ్మ మధ్యలో కావాలని మాట కలిపేది. "రాజీ, సిరిసిల్ల చిన్నాయన పెద్దబిడ్డ పేరేందే?" అని అడిగితే, అక్క "పదహారు, భాగ్య, పదిహేడు" అనేది. నేను నవ్వేదాన్ని. మొదటి నాలుగు రోజులూ ఆకుముక్కలు నలభై, అద్దం మీద అంకె వెయ్యి.

అయిదో రోజు వెయ్యి మూడు వచ్చింది.

"అక్కా, మూడు ఎక్కువ చూపిస్తుంది. లెక్క తప్పినవ్."

"నేను తప్పలే."

"మాటలల్ల పడి ఏడనో..."

"మాట్లాడుకుంట చేసుడు నాకియ్యాల కొత్తనా? గా ఆకులు లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. నలభయ్యే ఉన్నాయి. "ఆకులు సరే. కని ఏదో ఒక కట్టల ఇరవై ఆరు పడి ఉంటది గద."

అక్క నా ముఖం చూసింది. "నా కట్టల ఇరవై ఆరు పడుడేంది?"

మరుసటి రోజు వెయ్యి ఏడు వచ్చింది. నేను పలకను తీసుకుని నేనే నొక్కాను. విసుగ్గా, గబగబా, మధ్యలో ఎవరితోనూ మాట్లాడకుండా వెయ్యిసార్లు నొక్కాను. అద్దం మీద సరిగ్గా వెయ్యి. నాకు అంతకంటే రుజువు అక్కర్లేదనిపించింది. పలకను అక్కకు చూపించి, "మిషన్‌కు పరధ్యానం ఉండదక్కా, మనుషులకే ఉంటది," అన్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఆ వాక్యం బాగుందనుకున్నాను కూడా.

అక్క ఆ మధ్యాహ్నం పలకను ముట్టుకోలేదు. మరునాడూ ముట్టుకోలేదు. పొద్దున చాట ముందేసుకుంటే సాయంత్రం దాకా తలెత్తలేదు. ఆ రెండు రోజులూ కట్ట కట్టిన ప్రతిసారీ దాన్ని మళ్లీ విప్పి లెక్కపెట్టుకోవడం చూశాను. అంతకుముందు ఎప్పుడూ అలా చెయ్యలేదు. "దాని లెక్కను కార్ఖానల గుమస్తనే అడగడు," అంది అమ్మ నాతో, అక్కకు వినబడేట్టుగానే. "నువ్వెంత పెద్ద గుమస్తవైనవే?" నాకు ఉద్యోగం కావాలి, మల్లేశన్న మర్నాడు వచ్చి పెట్టెను బీర్కూర్ తీసుకుపోతానన్నాడు. పెట్టె సరిగ్గా ఉందని నేను నమ్మాలనుకున్నాను. అది నిజం కావాలంటే అక్క తప్పు కావాలి.

మల్లేశన్న వచ్చాడు. నేను లోపలికి పోయేసరికి పలక అక్క ఒళ్లో చాటలో ఉంది, దాని మీద ఆమె చెయ్యి ఉంది.

"ఇటియ్యక్కా, అన్న నిలబడ్డడు."

"నేనియ్య."

మల్లేశన్న గుమ్మం దగ్గర నిలబడే నవ్వాడు. "రాజమణీ, నేను మోటర్లు చుట్టెటోన్ని, నువ్వు బీడీలు చుట్టెదానివి. మనకెందుకమ్మ గా పంచాయితి? చదువుకున్న పిల్ల చెప్తుంది, ఇచ్చెయ్."

"చదువుకున్నామె చేసిందైతె నాలుగు నొక్కితె అయిదు పడదా అన్నా? పడుతుంది. గదే నేను చెప్తున్న." అక్క నా వైపు తిరిగింది. "పది కట్టలు నొక్కుత. నువ్వు గా అద్దం చూడకు. నా వేలు చూడు. నోటితోని నాతోని లెక్కపెట్టు. నేను తప్పితె పట్టుకపొండ్రి, ఇగ నేనేమన్న."

"చాయ్ తాగు మల్లేశా," అంది అమ్మ. "తాగేలోపల అయితది."

అక్క ఎదురుగా నేల మీద కూర్చున్నాను. అద్దం బిళ్ల మీద అక్క ఒక తునికాకు కప్పింది. ఇద్దరం కలిసి పైకి లెక్కపెట్టాం. ఇరవై అయిదు, ఒక ఆకుముక్క. మళ్లీ ఒకటి. మొదటి రెండు కట్టల్లో తప్పు ఎక్కడ దొరుకుతుందా అని చూశాను. మూడో కట్ట నుంచి ఆమె వేలే చూశాను. అప్పటిదాకా చూడలేదు. ఆమె బటన్‌ను వేలికొసతో నొక్కడం లేదు. బొటనవేలు దాని మీద పెట్టి, నొక్కి, పక్కకు దొర్లించి నెమ్మదిగా వదులుతోంది. బీడీ చుట్టేటప్పుడు ఎలా దొర్లిస్తుందో అలాగే. నా వేలు దెబ్బకొట్టినట్టు నొక్కి ఎగిరిపోతుంది. ఆమె వేలు వదిలిందో లేదో తెలియనంత మెల్లగా వదులుతుంది. పదో ఆకుముక్క పక్కన పెట్టింది. రెండు వందల యాభై. నా నోటి లెక్కా అదే. అక్క అద్దం మీది ఆకు తీసింది. రెండు వందల యాభై రెండు.

మల్లేశన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

నాకు తప్పు వెంటనే అర్థమైంది. నేను బటన్ నొక్కినప్పటి వణుకు గురించే రాశాను. వదిలేటప్పుడు కూడా రేకు వణుకుతుంది. వేలు గబుక్కున తీస్తే ఆ వణుకు కొంచెమే. మెల్లగా దొర్లిస్తూ తీస్తే ఎక్కువసేపు ఉంటుంది, యంత్రం దాన్ని ఇంకో నొక్కుడనుకుంటుంది. రేకు కొత్తగా ఉన్నప్పుడు బిగువుగా ఉండి ఆ తప్పు బయటపడలేదు. నాలుగు వేల నొక్కుళ్ల తర్వాత మెత్తబడింది. నా చేత్తో లక్షసార్లు నొక్కినా అది దొరికేది కాదు. బురదచేత్తో, తొందరలేకుండా నొక్కే బీర్కూర్ రైతుకు మొదటిరోజే దొరికేది.

ఇంత అర్థమైనా నేను అన్న మాట ఒకటే. "స్విచ్చి ఖరాబైనట్టుంది అన్నా. రెండు రోజులు ఆగు, సక్క చేసిస్త."

మల్లేశన్న సరేనని పోయాడు. అక్క ఆకుముక్కలు పోగుచేసుకుంది. ఆమె ఏమైనా అంటుందని చూశాను. ఏదో నేను అనాలని ఆమె చూసి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. కార్ఖానాకు వేళవుతోందని లేచి పోయింది.

మర్నాడు దుకాణంలో కూర్చుని ప్రోగ్రాం మార్చాను. నొక్కినప్పుడూ వదిలినప్పుడూ కూడా రేకు కుదుటపడేదాకా ఆగమని రాశాను. ఎంతసేపు ఆగాలి అన్న దగ్గర, మెత్తబడిన బటన్లకు అవే వంతులు ఇరవై అని పుస్తకంలో ఉంది. నేను ఇరవై అయిదు వేశాను. కొత్త బటన్ బిగించిన పెట్టె బీర్కూర్ పోయింది, పాత పలక ఇంట్లో ఉండిపోయింది. పెట్టె చాలా పంటలు పనిచేసింది. నీళ్ల గొడవ పోయి, అన్నదమ్ములు కొట్లాడుకోవడానికి పొలం గట్లు వెతుక్కున్నారని మల్లేశన్న చెప్పేవాడు. "చెల్లె తెలివే తెలివి," అని ఆయన మా ఇంట్లో కూర్చుని మెచ్చుకున్నప్పుడు అక్క వెనక గదిలో ఆకు తడుపుతోంది. నీళ్ల చప్పుడు వినబడుతోంది. ఆ తప్పు పట్టింది అక్క అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను టీ అందించాను.

తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. లిఫ్టులకు, దవాఖానాల్లో మంచం పక్కన ఉండే పిలుపు బటన్లకు, బట్టలుతికే మెషిన్లకు డ్రైవర్లు రాశాను. అన్నింట్లోనూ ఆ అంకె ఇరవై అయిదే. ఒక కుర్రాడు, కొత్తగా చేరినవాడు, "ఇరవై చాలు కదా మేడం, ఇరవై అయిదు ఎందుకు?" అని అడిగాడు. పరీక్ష చేసి పెట్టిందని చెప్పాను. ఎవరు చేశారని అతను అడగలేదు.

అక్కకు పెళ్లయింది, లత పుట్టింది, భర్త పోయిన తర్వాత బీడీలు చుట్టుకుంటూనే లతను పెంచింది. నేను పండక్కో పబ్బానికో వచ్చినప్పుడు ఇంట్లో ఏ కొత్త వస్తువు ఉన్నా దాని బటన్‌ను బొటనవేలితో దొర్లించి నొక్కి, నన్నడిగేది. "ఇది నువ్వు చేసిందేనా?"

"కాదక్కా."

"అయితె లెక్క సరిగ్గనే పెడ్తది తియ్."

ఇద్దరం నవ్వేవాళ్లం. ఏళ్ల తరబడి ఆమె ఆ వేళాకోళం ఆడుతూనే ఉంది, ప్రతిసారీ నాకొక వీలు ఇస్తూనే ఉంది. నేను ప్రతిసారీ నవ్వి ఊరుకున్నాను. ఒక్క చిన్న మాటకు అంత కాలం ఎందుకు పట్టిందో ఇప్పుడు ఆలోచిస్తే సరైన జవాబు దొరకదు. మొదట సిగ్గు. తర్వాత ఉద్యోగం, దానితో వచ్చిన పేరు. ఆ తర్వాత, ఇన్నేళ్లయింది కదా, ఆమెకు గుర్తుండదు అనుకోవడం. పోయిన నెల దవాఖానాలో ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు నర్సును పిలిచే బటన్ ఆమె చేతికిచ్చాను. బొటనవేలు దాని మీద దొర్లింది. నా వైపు చూసింది. ఊపిరి చాలక ఏమీ అడగలేదు. ఆ బటన్ ఎవరు చేసిందో నాకు తెలియదు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. తలగడ సరిచేశాను.

ఆకుముక్కల దారం విప్పబుద్ధి కాలేదు. అన్ని ఏళ్లలో ఎండి, ముట్టుకుంటే పొడి అయ్యేట్టున్నాయి. ఇల్లు నాలుగుసార్లు మారింది, బీడీల పని పోయి అయిదారేళ్లయింది, చాట ఏమైందో లతకే తెలియదు. ఇవి మాత్రం ఉన్నాయి. ఆమె వీటిని గుర్తు కోసం దాచిందని అనుకోను. గుమస్తా బల్ల ముందు కూర్చున్నట్టే ఇన్నేళ్లూ నా ముందు కూర్చుని ఉంది. అతను బల్ల కిందకి వంగి చూశాడు. నేను వంగలేదు.

లత చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏందిది చిన్నమ్మా?"

చెప్పాను. మొదటి నుంచి, నేనన్న మాట కూడా వదలకుండా చెప్పాను. మెషిన్ నీళ్లు వదిలి, మళ్లీ పట్టుకుంది. సబ్బు లేకుండానే తిరుగుతోంది. చివర, "మీ అమ్మ లెక్క తప్పలేదు," అన్నాను.

లత నన్ను వింతగా చూసింది. "అమ్మ లెక్క ఎప్పుడు తప్పింది?" అంది.

ఆ పిల్లకు అది కొత్త సంగతి కాదు. నేనొక్కదాన్నే ఇన్నాళ్లూ దాన్ని నా దగ్గర దాచుకున్నాననుకున్నాను. లత లేచి సబ్బు పొడి ఎక్కడుందో చూపించింది. నేను బటన్ నొక్కి మెషిన్ ఆపి, మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

మా కంపెనీలో ఇప్పుడు బటన్లను పరీక్షించడానికి ఒక యంత్రం ఉంది. రబ్బరు తొడిగిన ఇనుప వేలు ఒకటి పైకీ కిందకీ ఆడుతూ ఒక్క రోజులో వేలసార్లు నొక్కుతుంది. మాట్లాడదు, అలసిపోదు. నేరుగా దిగి నేరుగా లేస్తుంది, దొర్లదు. చాలా కొత్త వస్తువులకు అసలు రేకు లేదు, గాజు మీద వేలు ఆనిస్తే చాలు. ఇరవై అయిదు నొక్కుళ్లకు ఒక ఆకుముక్క తీసి పక్కన పెట్టడం ఇప్పుడు ఎవరూ చెయ్యరు.